రేడియో వస్తే చాలు, కనపడని తోడు నక్షత్రం ఉందంటారేం?

రాత్రి_ఆకాశం

నక్షత్రాల రేడియో గురించి ఏ వార్త చదివినా చివరికి ఒకే చోట తేలుతోంది. ఫలానా నక్షత్రం నుంచి రేడియో సిగ్నల్ వచ్చింది, మామూలుగా అయితే అంత రాకూడదు, కాబట్టి పక్కన మనకి కనపడని ఇంకో నక్షత్రమో గ్రహమో ఉండి ఉంటుంది అని. సప్తర్షి మండలంలో రెండు గంటలకోసారి పల్స్ కొట్టేదాని గురించి నిన్న చదివాను, అక్కడా ఇదే. అంతకుముందు జీజే 1151 అనే నక్షత్రం విషయంలోనూ ఇదే. నాకు ఇది సమాధానంలా అనిపించట్లేదు. అర్థం కానిదాన్ని తీసుకెళ్లి కనపడనిదాని మీద పెట్టినట్టుంది. నిజంగా ఆ తోడుని ఎవరైనా పట్టుకున్నారా? ఎలా పట్టుకున్నారు? నేను చదివింది బీకామ్, కానీ లెక్కలంటే భయం లేదు, ఓపిగ్గా చెప్పండి.

సిగ్నస్_శీను

పట్టుకున్నారు, చాలానే పట్టుకున్నారు. ఆఫీసులో ఉన్నా, ఇంటికెళ్లాక వివరంగా రాస్తా.

ఊరికే_చదువుతా

కుర్చీ వేసుకుని కూర్చున్నా శీనన్నా.

లెక్కల_మాస్టారు

అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఒంటరి నక్షత్రం కూడా రేడియో ఇస్తుంది, మన సూర్యుడే ఇస్తాడు. 1950ల చివర్లో ఇంగ్లండ్ రేడియో అబ్జర్వేటరీ జోడ్రెల్ బ్యాంక్‌లో బెర్నార్డ్ లోవెల్ ఫ్లేర్ నక్షత్రాల మీద గురిపెట్టి, అవి ఉన్నట్టుండి భగ్గుమన్నప్పుడు రేడియో కూడా వస్తుందని చూపించాడు. వాటిలో యూవీ సెటీ అనే నక్షత్రం సంగతి చూడండి. 8.7 కాంతి సంవత్సరాల దూరం, దానికి బీఎల్ సెటీ అని దాదాపు అంతే బరువున్న కవల ఉంది, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 26 ఏళ్లు పడుతుంది. రేడియోలో హోరంతా యూవీ సెటీదే. జంటగా ఉండటమే కారణమైతే రెండూ ఒకేలా మోగాలిగా? తేడా వాటి అయస్కాంత క్షేత్రాల్లో ఉంది. అందుకని "రేడియో ఉంది కాబట్టి తోడు ఉంది" అనే వాదన నేను ఒప్పుకోను.

రాత్రి_ఆకాశం

నా బాధా అదే మాస్టారూ.

సాయి_తేజ_99

రాహుకేతువులు కూడా కనపడని తోడే కదా 😀

మోడరేటర్

జాతకాలకి వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ రేడియో మాత్రమే.

సిగ్నస్_శీను

ఇల్లు చేరాను, రాస్తున్నా. మాస్టారు చెప్పింది ఎర్ర మరుగుజ్జుల, అంటే సూర్యుడి కన్నా బాగా చిన్న, చల్లని నక్షత్రాల సంగతి. నేను అటు చివర, అంటే సూర్యుడికి ఇరవై, ముప్ఫై రెట్లు, ఇంకా ఎక్కువ బరువుండే, 'O' అనే అక్షరంతో పిలిచే రకం నక్షత్రాల దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే ఈ కథ బాగా తేలింది అక్కడే.

ఈ బరువైన నక్షత్రాలు తమ ఒంట్లోంచి సెకనుకి 2,000 కిలోమీటర్లకి పైగా వేగంతో గాలి ఊదుతుంటాయి, ఏటా సూర్యుడి బరువులో పదిలక్షవ వంతు దాకా పోతుంది. ఆ గాలి నక్షత్రం అతినీలలోహిత కాంతికి అయనీకరణ చెంది, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయి ఉంటుంది కాబట్టి దానంతట అదే కొంచెం రేడియో ఇస్తుంది. ఇది ఎలా ఉండాలో 1975లోనే లెక్క కట్టారు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రేడియో బలం ఫ్రీక్వెన్సీకి 0.6 ఘాతంలో పెరగాలి. చాలా నక్షత్రాలు ఈ లెక్క ప్రకారమే నడుచుకుంటాయి. కానీ 1984లో యాబట్, బీగింగ్, చర్చ్‌వెల్ అనే ముగ్గురు అమెరికాలోని వీఎల్ఏ టెలిస్కోపుతో చూస్తే సిగ్నస్ ఓబీ2 నంబర్ 9, 9 శాజిటేరీ అనే రెండు నక్షత్రాలు లెక్క తప్పాయి. ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ రేడియో, అదీ బలం మారుతూ. ఇది వేడి వల్ల వచ్చేది కాదు. దాదాపు కాంతి వేగంతో పోయే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరిగితే వచ్చే సింక్రోట్రాన్ రేడియో. మరి ఆ ఎలక్ట్రాన్లకి అంత ఊపు ఎక్కడిది?

ఇక్కడ రాత్రి_ఆకాశం గారు గమనించాలి. అప్పుడు ఎవరూ "కనపడని తోడు" అని మొదలుపెట్టలేదు. 1985లో రిచర్డ్ వైట్ ఒంటరి నక్షత్రంతోనే కారణం చెప్పాడు. గాలి సాఫీగా వీయదు, లోపల వేగంగా పోయే ముద్దలు నెమ్మదిగా పోయేవాటిని గుద్దుకుని షాకులు, అంటే తాకిడి తరంగాలు పుడతాయి, ఆ షాకులే ఎలక్ట్రాన్లని విసురుతాయి అని. ఇరవై ఏళ్లు ఈ వాదన నిలబడింది. దాన్ని కూలగొట్టింది బెల్జియం వాళ్లు, వాన్ లూ, రునాక్రెస్, బ్లోమ్. 2006లో లెక్క కట్టి చూపించారు. దట్టమైన పొగమంచులో వీధి దీపం బయటికి కనపడనట్టు, ఈ గాలి లోపల పుట్టిన రేడియో బయటికి రాలేదు. 6 సెంటీమీటర్ల తరంగం దగ్గర, నక్షత్రం వ్యాసార్ధానికి వంద రెట్ల దూరం దాకా గాలి దాన్ని మింగేస్తుంది. అంటే మనకి అందే సింక్రోట్రాన్ అంత దూరంలోనో ఇంకా బయటో పుట్టాలి. ఒంటరి నక్షత్రం గాలిలోని షాకులు అక్కడికి చేరేసరికి నీరసించిపోతాయి. మరి అంత దూరంలో బలమైన షాక్ ఎలా వస్తుంది? ఇంకో నక్షత్రం గాలి ఎదురొస్తే వస్తుంది.

2008లో అదే గుంపు వీఎల్ఏ పాత డేటా అంతా తవ్వి సిగ్నస్ ఓబీ2 నంబర్ 9 రేడియో 2.35 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతోందని కనిపెట్టింది. అదే ఏడాది యాయెల్ నాజే బృందం స్పెక్ట్రంలో, అంటే నక్షత్రం కాంతిని రంగులుగా విడదీస్తే కనపడే గీతలు రెండుగా చీలడం చూసింది. రెండు నక్షత్రాల్లో ఒకటి మన వైపు, ఇంకోటి అవతలికి కదిలితేనే అలా చీలుతాయి. కనపడని తోడు అలా దొరికింది.

ఊరికే_చదువుతా

ఈ ఒక్క పోస్టు కోసం వారం రోజులు ఈ వేదికకి వచ్చినా నష్టం లేదు.

రాత్రి_ఆకాశం

ఇది నాకు తెలియదు. ముందు ఒంటరి నక్షత్రంతో చెప్పాలని చూసి, అది కుదరకే తోడు దగ్గరికి వచ్చారన్నమాట. వార్తల్లో ఈ ఇరవై ఏళ్ల ముక్క ఎప్పుడూ రాయరు.

లెక్కల_మాస్టారు

శీనూ, బాగా రాశావు, కానీ ఒక మెలిక ఉంది. 2012లో హ్యూగ్స్ సానా బృందం సైన్స్ పత్రికలో వేసిన పేపర్ ప్రకారం 'O' రకం నక్షత్రాల్లో 70 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తోడు నక్షత్రంతో పదార్థం ఇచ్చిపుచ్చుకుంటాయి. అంటే ఆ జాతిలో ఒంటరివే తక్కువ. అలాంటప్పుడు ఏ 'O' నక్షత్రాన్ని పట్టుకుని గట్టిగా వెతికినా తోడు దొరికే అవకాశమే ఎక్కువ. నువ్వు రేడియో ఇచ్చేవాటిని వెతికావు, జంట దొరికింది. రేడియో ఇవ్వనివాటిని అంతే గట్టిగా వెతికితే వాటికీ దొరకొచ్చు. దొరికింది కాబట్టి అదే కారణం అనడానికి ఇది చాలదు.

పద్మ_ఖమ్మం

మాస్టారు చెప్పింది కరెక్ట్. మా ఆసుపత్రి పనిలో కూడా ఇదే చూస్తుంటాం, అందరికీ ఉండేదాన్ని రోగానికి కారణం అనుకుంటే ఎటో పోతాం.

సిగ్నస్_శీను

మాస్టారూ, అది ఒప్పుకుంటా, అందుకే తోడు ఉందా లేదా అన్న దగ్గర ఆగకూడదు. కక్ష్యకీ రేడియోకీ లెక్క కలవాలి. నంబర్ 9లో కక్ష్య బాగా సాగదీసినట్టుంటుంది, ఉత్కేంద్రత 0.7 దాకా. రెండూ బాగా దగ్గరికొచ్చే రోజు ఎప్పుడో ముందే లెక్క కట్టారు, 2011 జూన్ చివర. ఆ సమయానికి ఎక్స్-రే, రేడియో టెలిస్కోపులు పెట్టి కూర్చున్నారు. దగ్గరికి రాగానే గాలులు ఇంకా దట్టంగా గుద్దుకుని ఎక్స్-రే పెరిగింది, రేడియో మాత్రం పడిపోయింది, ఎందుకంటే ఆ గుద్దుకునే చోటు గాలి మింగేసే ప్రాంతంలోకి మునిగిపోయింది. ఒకటి పెరిగి ఇంకోటి తగ్గడం ఊరికే పక్కన ఉన్న తోడుతో జరగదు.

ఇంకో ఉదాహరణ హెచ్‌డీ 168112. 2005లో రేడియో మార్పులు చూసి దీని పిరియడ్ ఏడాది నుంచి రెండేళ్ల మధ్య ఉండొచ్చన్నారు, స్పెక్ట్రంలో మాత్రం తోడు జాడ లేదు. చాలా ఏళ్ల తర్వాత స్పెక్ట్రంలో కక్ష్య దొరికింది, పిరియడ్ 1.4 ఏళ్ల దగ్గర తేలింది. రేడియో ముందే చెప్పిన సంఖ్య అన్నమాట.

లెక్కల_మాస్టారు

ఈ రెండోది నాకు నచ్చింది. ముందు చెప్పి తర్వాత దొరకడం వేరు.

కావేరి_బెంగళూరు

ఆ గుద్దుకునే చోటుని నేరుగా ఫొటో తీయలేరా?

సిగ్నస్_శీను

తీశారు. డబ్ల్యూఆర్ 147 అని ఒక వోల్ఫ్-రాయే నక్షత్రం (గాలిని మరీ దట్టంగా ఊదే బరువైన రకం), 1990ల్లో ఇంగ్లండ్‌లోని మెర్లిన్ రేడియో టెలిస్కోపుల్లో చూస్తే దక్షిణాన నక్షత్రం గాలి, ఉత్తరాన విడిగా ఇంకో ముద్ద. ఆ ఉత్తరపు ముద్ద పక్కనే తోడు నక్షత్రం ఉందని తర్వాత హబుల్ కూడా విడదీసి చూపించింది. డబ్ల్యూఆర్ 140 ఇంకా బాగుంటుంది, 7.9 ఏళ్ల కక్ష్య, ఖండమంత వెడల్పున్న రేడియో టెలిస్కోపుల వరస వీఎల్‌బీఏతో చూస్తే విల్లులాంటి వంపు, రెండు నక్షత్రాలు కదిలేకొద్దీ అదీ తిరుగుతూ కనపడింది. 2013లో డి బెకర్, రాక్ ఇలాంటి 43 జంటలతో ఒక కాటలాగ్ వేశారు.

జాపాల్_మేనకోడలు

మన దగ్గర కూడా దీనికి దగ్గర సంగతి ఉంది, ఎవరూ చెప్పలేదేంటి? రంగారెడ్డి జిల్లా జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు. మా మేనమామ అక్కడ పనిచేసిన బ్యాచ్. గ్రహణాలు పట్టే జంట నక్షత్రాల కాంతిని రాత్రంతా కొలవడమే వాళ్ల పని. అక్కడి ప్రొఫెసర్ అభ్యంకర్ గారి దగ్గర చదువుకున్నవాళ్లలో చాలామంది జంట నక్షత్రాల్లోనే స్థిరపడ్డారు.

వాటిలో ఆర్ఎస్ కేనమ్ వెనాటికోరమ్ రకం అని ఉంటాయి. ఇవి రేడియోలో సూర్యుడి కన్నా వేల రెట్లు బలం. ఇక్కడ శీను గారు చెప్పిన గాలుల తాకిడి ఏమీ లేదు. తోడు నక్షత్రం బాగా దగ్గరగా ఉండి, దాని ఆకర్షణ వల్ల నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే వేగం కక్ష్యతో కట్టేసినట్టవుతుంది. హెచ్ఆర్ 1099 అయితే 2.8 రోజులకో చుట్టు. మన సూర్యుడికి పాతిక రోజుల పైన పడుతుంది. ఆ వయసులో నెమ్మదించాల్సిన నక్షత్రాన్ని తోడు అలా గిరగిరా తిప్పుతూనే ఉంటుంది, వేగం వల్ల అయస్కాంతం బలపడుతుంది, మచ్చలు పెరుగుతాయి, రేడియో వస్తుంది. గ్రహణం లేనప్పుడు కూడా కాంతి అలలా పెరిగి తగ్గడం చూసి ఆ మచ్చలని గుర్తుపట్టేవాళ్లమని మామయ్య చెప్పేవాడు.

లెక్కల_మాస్టారు

అమ్మా, ఇది నా యూవీ సెటీ వాదనకి మంచి జవాబు. తోడు దూరంగా ఉంటే ఏమీ చేయలేదు, దగ్గరగా ఉంటే తిప్పుతుంది.

జాపాల్_మేనకోడలు

అవును మాస్టారూ. ఆల్గాల్ అనే నక్షత్రాన్ని కూడా చూడండి. 1783లో జాన్ గుడ్రిక్ అనే 18 ఏళ్ల కుర్రాడు, అది 2.87 రోజులకోసారి మసకబారడం చూసి, చుట్టూ ఏదో చీకటి వస్తువు తిరుగుతూ అడ్డం వస్తోందేమో అన్నాడు. స్పెక్ట్రంతో దాన్ని రుజువు చేసింది 1889లో, పోట్స్‌డామ్‌లో వోగెల్. 1972లో వేడ్, యెల్మింగ్ ఆల్గాల్ నుంచి రేడియో పట్టుకునే నాటికి తోడు సంగతి ఎప్పుడో తేలిపోయింది.

సాయి_తేజ_99

18 ఏళ్లకి నేను ఎంసెట్ కౌన్సెలింగ్ లైన్లో ఉన్నా.

డ్రెంతే_తెలుగోడు

మొదటి పోస్టులో జీజే 1151 అన్నారు కదా, దానికి జవాబు నేనిస్తా. నెదర్లాండ్స్‌లో నేనుండే చోటికి లోఫార్ అనే రేడియో టెలిస్కోపు అసలు కేంద్రం దగ్గరే, ఎక్స్‌లో ఊరి పొలాల పక్కన. సైకిల్ మీద వెళ్తే చూడొచ్చు. పళ్లెంలాంటి డిష్షులు ఏమీ ఉండవు, గడ్డిలో చిన్న చిన్న కడ్డీలు, నల్ల పలకలు, అంతే. వాటితోనే 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉత్తరాకాశం మొత్తం చుట్టేస్తున్నారు.

జీజే 1151 26 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎర్ర మరుగుజ్జు, నెమ్మదిగా తిరిగేది, పెద్దగా ఫ్లేర్లు లేనిది. 2020లో డచ్ రేడియో ఖగోళ సంస్థ అస్ట్రోన్‌లోని హరీశ్ వేదాంతం బృందం లోఫార్‌తో దీని నుంచి ఎనిమిది గంటల పాటు వచ్చిన రేడియోని చూపించింది, అందులో 64 శాతం ఒకే దిశలో సుడి తిరిగినట్టు ధ్రువితమైంది. వేరే రోజుల్లో చూస్తే లేదు. మామూలు ఫ్లేర్ అలా ఉండదు. గురుగ్రహం దగ్గర అలా ఉంటుంది. గురుడి రేడియోని 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ పట్టుకున్నారు, 1964లో బిగ్ అనే ఆయన అది అయో అనే ఉపగ్రహం ఎక్కడుందో దాన్నిబట్టి మారుతోందని కనిపెట్టాడు. అయో 1.77 రోజులకోసారి గురుడి అయస్కాంత క్షేత్రాన్ని కోసుకుంటూ తిరుగుతుంది. అదే పని ఇక్కడ ఒక గ్రహం చేస్తోందని, దాని బరువు భూమంత, కక్ష్య 1 నుంచి 5 రోజులు ఉండాలని వీళ్ల ప్రతిపాదన.

రాత్రి_ఆకాశం

గ్రహం దొరికిందా మరి?

డ్రెంతే_తెలుగోడు

అక్కడే అసలు గొడవ. 2021లో సువ్రత్ మహదేవన్ బృందం టెక్సస్‌లోని హాబీ-ఎబర్లీ టెలిస్కోపు మీదున్న పరికరంతో 2.02 రోజుల గ్రహం ఉందని ప్రకటించింది. స్పెయిన్‌లోని కార్మెనెస్ పరికరం డేటా పట్టుకుని పెర్గర్ బృందం అదే ఏడాది అది లేదంది. 2023లో ఇంకా ఎక్కువ కొలతలతో తేలిందేంటంటే, 390 రోజుల కక్ష్యలో ఒక గ్రహం ఉంది, కానీ అంత దూరంలో ఉన్నది ఈ రేడియో ఇవ్వలేదు. 1 నుంచి 5 రోజుల మధ్య అయితే భూమికి 1.2 రెట్ల కన్నా బరువైనది ఏదీ లేదు.

రాత్రి_ఆకాశం

చూశారా! సరిగ్గా నేను చెప్పిందే. ముందు రేడియో, తర్వాత కనపడని తోడు, తర్వాత వెతికితే లేదు.

కావేరి_బెంగళూరు

లేదని తేల్చలేదండీ, 1.2 రెట్ల పైన లేదన్నారు. దానికన్నా చిన్నది ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు

ఉండొచ్చు అనేది ఎప్పటికీ ఉంటుంది కావేరి గారూ. ఇక్కడ నేను రాత్రి_ఆకాశం వైపే. శీను చెప్పిన కేసులో రేడియో పిరియడ్ ముందు దొరికింది. జీజే 1151కి రేడియోలో పిరియడే దొరకలేదు, ఒక్క రోజు వచ్చిన సిగ్నల్ మీద ఇల్లు కట్టారు.

డ్రెంతే_తెలుగోడు

ఇల్లు కట్టారనడం అన్యాయం మాస్టారూ. ఏ బరువు, ఏ కక్ష్య ఉండాలో సంఖ్యలతో చెప్పారు, కాబట్టే ఇంకొకళ్లు వెళ్లి కాదని చెప్పగలిగారు. పైగా ఆ రేడియో ఫ్రీక్వెన్సీ నుంచే అక్కడి అయస్కాంత క్షేత్రం ఎంత బలమో (గాస్ అనే కొలతలో) తెలుస్తుంది, ఒక గాస్‌కి 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున. 150 మెగాహెర్ట్జ్ అంటే 50 గాస్ పైన. తోడు దొరకకపోయినా ఆ సమాచారం ఎక్కడికీ పోదు.

పద్మ_ఖమ్మం

గయా ఉపగ్రహం బోలెడు నక్షత్రాల కదలికలు కొలిచింది కదా, తోడు ఉంటే అందులో వంకర కనపడదా?

కావేరి_బెంగళూరు

కనపడుతుంది. ఒంటరి నక్షత్రం అనుకుని వేసిన దారికి కొలతలు ఎంత బాగా సరిపోయాయో చెప్పే ఒక సంఖ్య ఇస్తారు, రూవీ అంటారు, 1 దగ్గర ఉంటే సరిపోయినట్టు, 1.4 దాటితే ఏదో లాగుతోందేమో అని అనుమానిస్తారు. కానీ చాలా దగ్గరి తోడు అయితే వంకర మరీ చిన్నది, దశాబ్దాల కక్ష్య అయితే గయా చూసిన కాలం చాలదు. నాలుగో విడత డేటా 2026 డిసెంబరులో అన్నారు, అప్పుడు ఇంకొన్ని బయటపడతాయి.

గయా కన్నా ముందు ఇదే పని రేడియోతో చేశారు, అది నాకు ఇష్టమైన కేసు. ఏబీ డొరాడస్, దక్షిణాకాశంలో దాదాపు 50 కాంతి సంవత్సరాల దూరం, సగం రోజుకో చుట్టు తిరిగే కుర్ర నక్షత్రం, రేడియోలో బలంగా ఉంటుంది. ఖండాల మధ్య టెలిస్కోపులు కలిపి దాని రేడియో చుక్క స్థానాన్ని ఏళ్ల తరబడి కొలిచి, హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో కలిపి చూస్తే అది వంకరగా కదులుతోందని 1997లో గిరాడో బృందం చెప్పింది. 2005లో చిలీలోని పెద్ద టెలిస్కోపు వీఎల్‌టీ ఆ తోడుని ఫొటో తీసింది, సూర్యుడి బరువులో 0.09 వంతు. కానీ గమనించండి, ఆ నక్షత్రం రేడియో ఇచ్చేది తన వేగం వల్లే, ఈ తోడు వల్ల కాదు. రేడియో వల్ల తోడు దొరికింది అంతే.

లెక్కల_మాస్టారు

ఇదే నేను మొదట్నుంచీ అంటున్నది. దొరికిన తోడల్లా కారణం కాదు.

రాత్రి_ఆకాశం

మరి నిన్న నేను చదివిన రెండు గంటలదాని సంగతి?

డ్రెంతే_తెలుగోడు

ఐఎల్‌టీ జే1101+5521. అది కూడా లోఫార్‌దే, ఇరిస్ డి రౌటర్ పాత డేటాలో పట్టుకుంది, 2025లో పేపర్ వచ్చింది. 125.5 నిమిషాలకోసారి పల్స్. చూస్తే అక్కడ ఒక ఎర్ర మరుగుజ్జు, 1,600 కాంతి సంవత్సరాల దూరం. ఎర్ర మరుగుజ్జు ఒక్కటే రెండు గంటలకోసారి గడియారంలా పల్స్ ఇవ్వలేదు. అరిజోనాలోని ఎంఎంటీ టెలిస్కోపుతో, మళ్లీ అదే హాబీ-ఎబర్లీతో స్పెక్ట్రం తీస్తే, దాని గీతలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఎన్ని నిమిషాలకోసారి అనుకున్నారు? 125.5. దేన్నో చుట్టి వస్తోంది, ఆ దేన్నో అనేది బరువుగా ఉంది కానీ వెలుగు లేదు. అది తెల్ల మరుగుజ్జు అని తేల్చారు, కాలిపోయి చల్లారిన నక్షత్రం.

రాత్రి_ఆకాశం

రేడియో పిరియడ్, కదలిక పిరియడ్ ఒక్కటే వచ్చిందా? అయితే ఇది నంబర్ 9 లాంటిదే. జీజే 1151ని, దీన్నీ ఒకే గాటన కట్టడం సరికాదని ఒప్పుకోవాల్సిందే. వార్త రాసేవాళ్లు ఈ ఒక్క వాక్యం రాసుంటే నేను ఈ దారమే మొదలుపెట్టేదాన్ని కాదు.

ఊరికే_చదువుతా

రాయకపోవడమే మంచిదైంది, లేకపోతే ఇదంతా మాకెలా వచ్చేది.

నారాయణగావ్_దారి

మన జీఎంఆర్‌టీని ఎవరూ తలవలేదు. పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు అది, ఖోడద్‌లో 45 మీటర్ల డిష్షులు 30 ఉన్నాయి, ఏటా ఫిబ్రవరి 28 ప్రాంతంలో జనాన్ని లోపలికి రానిస్తారు, పిల్లల్ని తీసుకెళ్లాం, డిష్షు కింద నిలబడితే కొలత అర్థమవుతుంది. అర్జెంటీనాకి చెందిన పౌలా బెనాలియా, దాన్ని నడిపే పుణె ఎన్‌సీఆర్ఏ వాళ్లు కలిసి శీను గారి సిగ్నస్ ప్రాంతమంతా దీంతోనే 325, 610 మెగాహెర్ట్జ్ దగ్గర సర్వే చేశారు. తక్కువ ఫ్రీక్వెన్సీలో చూడటం ఎందుకంటే వేడి రేడియో అక్కడ బలహీనపడుతుంది, సింక్రోట్రాన్ ఉంటే బయటపడుతుంది.

పద్మ_ఖమ్మం

మనలాంటి వాళ్లు ఇంట్లోంచి చూడగలిగేది ఏమైనా ఉందా ఇందులో? రేడియో కాకపోయినా.

కావేరి_బెంగళూరు

ఏఆర్ స్కార్పీ. వృశ్చికంలో, జ్యేష్ఠ నక్షత్రానికి దగ్గర్లోనే. 1970ల నుంచి దాన్ని మామూలుగా మినుకుమనే ఒంటరి నక్షత్రం అనుకున్నారు. 2015లో యూరప్‌లోని అమెచ్యూర్లు వింతగా ఉందని గమనించి ప్రొఫెషనల్స్‌కి చెప్పారు. తీరా చూస్తే తెల్ల మరుగుజ్జు, ఎర్ర మరుగుజ్జు జంట, 3.56 గంటల కక్ష్య, దాదాపు 2 నిమిషాలకోసారి రేడియో నుంచి అతినీలలోహితం దాకా పల్స్. 2016లో టామ్ మార్ష్ బృందం నేచర్‌లో వేసింది. కాంతి 15వ మాగ్నిట్యూడ్ అటూ ఇటూ, కంటికి కనపడదు, 10 అంగుళాల టెలిస్కోపుకి మంచి కెమెరా తగిలించి చీకటి ఊళ్లో పెడితే దొరుకుతుంది. మే, జూన్ రాత్రులు సరైనవి.

జాపాల్_మేనకోడలు

మా మామయ్య వాళ్ల ఊళ్లో ఇంకా చీకటి ఉంది, మేడ మీద నుంచి దక్షిణం ఖాళీ. 10 అంగుళాలది ఎవరి దగ్గరుందో చెప్పండి, మే మొదటి అమావాస్యకి ముందే అనుకుందాం, తర్వాత మబ్బులు మొదలవుతాయి.

సిగ్నస్_శీను

12 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది నా దగ్గర, కానీ రెండు నిమిషాల పల్స్ పట్టాలంటే నక్షత్రం వెంటే తిప్పే ట్రాకింగ్ ఉన్న మౌంట్ కావాలి. అది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పెట్టుకోడానికి బండి నాది.

రాత్రి_ఆకాశం

మౌంట్ మా తమ్ముడి దగ్గరుంది, 10 అంగుళాలదాన్ని మోస్తుంది. అడిగి రేపు ఇక్కడే రాస్తా.